వాన తగలని గోడ: మన గుడిసె నుంచి కాలనీ ఇంటి దాకా

ఏటా కార్తీకమాసం వెళ్లేసరికి మన కాలనీల్లో ఒకే పని కనిపిస్తుంది. ఇంటాయన పాత కత్తి ఒకటి పట్టుకుని గోడ అడుగున పొక్కులు లేచిన పూతను గీకుతూ ఉంటాడు. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు దాకా గోడంతా తడి. చేత్తో రాస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది. అది ఉప్పు. సంక్రాంతికి మళ్లీ సున్నమో రంగో కొడతాం. మరుసటి కార్తీకానికి గోడ మళ్లీ అట్లాగే తయారవుతుంది.

ఈ సంచికకు ఏం రాయాలా అని మేం కూర్చున్నప్పుడు, మన పాటల గురించి, మందుమొక్కల గురించి, పోరాటాల గురించి రాయాలని తలా ఒకటి అన్నారు. అవన్నీ రావాల్సినవే. మేం మాత్రం గోడ గురించి రాయాలనుకున్నాం. ఎందుకంటే మన యానాదుల చరిత్ర రాసినవాళ్లు మన తిండి గురించి రాశారు, మన వేట గురించి రాశారు, మన మీద పడిన ముద్రల గురించి రాశారు. మన ఇంటి గురించి మాత్రం ఒకటి రెండు వాక్యాలు రాసి వదిలేశారు. ఆ ఒకటి రెండు వాక్యాలు చదివి మనలో చదువుకున్న పిల్లలు సిగ్గుపడుతున్నారు. గుడిసెలో పుట్టామని చెప్పుకోవడానికి వెనకాడుతున్నారు. ఆ సిగ్గు అక్కర్లేదని చెప్పడానికే ఈ వ్యాసం. గుడిసెలోనే ఉండిపోవాలని చెప్పడానికి కాదు.

రికార్డుల్లో మన ఇల్లు

బాస్వెల్ దొర రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో వచ్చింది. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి చేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం 1909లో ఏడు సంపుటాలుగా వచ్చింది. మన గురించి ఏడో సంపుటంలో చాలా పేజీలే ఉన్నాయి. అందులో మన ఇల్లు ఎట్లా ఉందంటే: వెదురు, తాటాకు, గడ్డి లేదా చొప్పతో మొరటుగా కట్టిన పొట్టి గుడిసె. పైన మొనదేలి ఉంటుంది. పెద్దవాళ్లు పాకుతూ దూరాల్సినంత చిన్న వాకిలి.

ఈ మాటలు అబద్ధం కాదు. మన అవ్వలు, తాతలు అట్లాంటి గుడిసెల్లోనే ఉన్నారు. కానీ అదే వర్ణనను ఇల్లు కట్టడం తెలిసిన మనిషి చదివితే ఇంకో సంగతి కనపడుతుంది. గుడిసె పొట్టిగా ఉందంటే గాలికి దొరికేది తక్కువ. పైన మొనదేలి ఉందంటే కప్పు వాలు ఎక్కువ, నీళ్లు నిలవకుండా జారిపోతాయి. గుండ్రంగా ఉందంటే వాన కొట్టడానికి బల్లపరుపు గోడ లేదు, కరిగిపోవడానికి మూలలు లేవు. వాకిలి చిన్నదంటే జల్లు లోపలికి రాదు. మొరటు అని రాసిన ఇంటిలో ఒక్కొక్క కొలతకూ ఒక కారణం ఉంది. రాసినవాళ్లకు ఆ కారణం అడగాలని తోచలేదు.

గోడకు తడి ఎక్కడి నుంచి వస్తుంది

ముందు మన తీరం సంగతి చూద్దాం. నెల్లూరు తీరానికి వాన అంటే ఈశాన్య రుతుపవనమే. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. అది నిదానంగా పడే వాన కాదు. సముద్రం మీద వాయుగుండం పడితే రెండు మూడు రోజులు గాలితో కలిసి పక్క నుంచి కొడుతుంది. 1927 నవంబరు, 1984 నవంబరు, 1989 నవంబరు తుపాన్లు, 2015 నవంబరు వరదలు అన్నీ ఆ కాలంలో వచ్చినవే. 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఎక్కడో థాయిలాండు పక్కనున్న సముద్రంలో పుట్టి, ఆ దేశాన్ని దాటి, బంగాళాఖాతం మొత్తం అడ్డంగా వచ్చి మన మీద పడింది. ఆ దేశాల్లో దాన్ని గే అనే పేరుతో గుర్తుపెట్టుకున్నారు.

ఇట్లాంటి చోట గోడకు తడి మూడు దారుల్లో వస్తుంది.

ఒకటి, గాలివాన పక్క నుంచి కొట్టే జల్లు.

రెండోది, చూరు నుంచి కారిన నీళ్లు నేల మీద పడి మళ్లీ ఎగిరి గోడకు చిమ్మడం. గోడ అడుగున అడుగెత్తులో బురద చుక్కలు కనిపించేది ఇందుకే. మట్టి గోడలు ముందుగా అక్కడే తరిగిపోతాయి.

మూడోది, నేల నుంచి పైకి పాకే తడి. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు, గోడ నేలలోని నీటిని పైకి లాగుతుంది. మన తీరంలో ఆ నీటిలో ఉప్పు ఉంటుంది. నీళ్లు గోడ పైకొచ్చి ఆవిరైపోతాయి, ఉప్పు అక్కడే మిగిలిపోయి పలుకులు కడుతుంది. ఆ పలుకులు పెరిగేటప్పుడు పూతను లోపలి నుంచి బయటికి తోస్తాయి. కాలనీ ఇంటి గోడ మీద మనం కత్తితో గీకేది దాన్నే.

గుడిసె ఎట్లా కాచుకుంది

ఈ మూడింటికీ మన పెద్దవాళ్ల దగ్గర మూడు జవాబులు ఉండేవి.

మొదటి జవాబు చోటు. తీరంలో మన పాత గుడిసెలు ఎక్కువగా ఇసుక దిబ్బల మీద, మిట్టల మీద ఉండేవి. మన జిల్లా ఊళ్ల పేర్లలో దిబ్బ, మిట్ట అనే మాటలు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ఇసుకలో రేణువుల మధ్య సందులు పెద్దవి. పడిన వాన గంటలో ఇంకిపోతుంది. బంకమన్ను లాగినంత ఎత్తుకు ఇసుక నీటిని పైకి లాగదు. పైగా దిబ్బ పక్కన దొరువు తవ్వుకుంటే తాగడానికి మంచినీళ్లు దొరికేవి. అంటే ఒకే దిబ్బ తాగడానికి నీళ్లిచ్చేది, ఇంటికి తడి తగలకుండానూ చూసేది.

రెండో జవాబు చూరు. మధ్యలో నిట్రాడు నిలబెట్టి, చుట్టూ వాసాలు కట్టి, తాటాకు కప్పితే ఆ చూరు నేలకు మోకాలెత్తు దాకా దిగేది. అందుకే లోపలికి వంగి పోవాల్సి వచ్చేది. ఆ వంగడాన్నే చూసినవాళ్లు అనాగరికం అన్నారు. కానీ చూరు అంత కిందికి దిగితే గోడ బయటికి కనపడదు. కనపడని గోడను వాన కొట్టలేదు. కొన్ని గుడిసెల్లో గోడ అనేదే ప్రత్యేకంగా ఉండేది కాదు, కప్పే గోడగా నేల దాకా వచ్చేది. గోడ ఉన్నచోట చూరు బాగా ముందుకు వచ్చి, దాని నీళ్లు గోడకు దూరంగా పడేవి. పడినచోట చిన్న కాలవ తీసి పల్లానికి మళ్లించేవాళ్లు. వానాకాలం వచ్చే ముందు ఆ కాలవను పార పట్టి సరిచేయడం మగపిల్లల పని.

మూడో జవాబు పూత. వెదురు బద్దలతోనో కంపతోనో దడి అల్లి, దానికి రెండు వైపులా మట్టి మెత్తేవాళ్లు. ఆ మట్టిని ఊరికే తవ్వి తెచ్చి కొట్టేది కాదు. చెరువు మన్ను, కొంచెం ఇసుక, వరిగడ్డి ముక్కలో ఊకో కలిపి, నీళ్లు పోసి, కాళ్లతో తొక్కి కొన్నాళ్లు నాననిచ్చేవాళ్లు. గడ్డి నానిన మట్టి బంకగా అవుతుంది, ఆరినప్పుడు తక్కువ పగులుతుంది. గడ్డి పోగులు మట్టిని పట్టి ఉంచుతాయి. ఆపైన ఆడవాళ్లు పేడ, ఎర్రమన్ను కలిపి అలికేవాళ్లు. అలికిన గోడ వానకు చెక్కుచెదరదని ఎవరూ అనుకోలేదు. ఆ పూత కొంచెం కొంచెం కరగడానికే ఉంది. అది కరిగితే లోపలి గోడ నిలుస్తుంది. కరిగిన పూతను మళ్లీ వేయడం ఒక పూట పని.

పులికాట్ సరస్సు దగ్గర, తీరం వెంట గుల్లలకు కొదవ లేదు. ఆ గుల్లను బట్టీలో కాల్చి, నీళ్లు చల్లి విరగ్గొడితే గుల్ల సున్నం వస్తుంది. చేయి సాగిన ఇళ్లు సంక్రాంతికి ఆ సున్నం కొట్టుకునేవి. సున్నం గోడ మీద ఆరుతూ గాలిని పీల్చుకుని రాయిలా గట్టిపడుతుంది. అయినా లోపలి తడిని ఆవిరిగా బయటికి పోనిస్తుంది. మట్టి గోడకు సున్నం సరిపోవడానికి ఈ ఒక్క గుణమే కారణం. గోడకు తడి తగలకుండా చూడటం సగం పని. తగిలిన తడి ఆరిపోయే దారి ఉంచడం మిగిలిన సగం. మన పెద్దవాళ్లు రెండు సగాలూ చేశారు.

గుండ్రటి ఇల్లు కట్టింది మనం ఒక్కళ్లమే కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో మట్టి గోడల చుట్టిళ్లు మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. తుపాను తీరం వెంట బతికిన బీదవాళ్లు వేరువేరు చోట్ల ఉండి కూడా దాదాపు ఒకే ఆకారానికి వచ్చారు.

ఏడాది పొడవునా పని

గుడిసె ఒకసారి కట్టి వదిలేసేది కాదు. దానికి ఏడాది పొడవునా పని ఉంటుంది.

ఎండాకాలంలో తాటాకు కొట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బరువు పెట్టి చదును చేసేవాళ్లు. ఆరిన ఆకును తాటి నారతో కట్టి కప్పు వేసేవాళ్లు. తీరంలో తాటాకు కప్పు రెండు మూడేళ్లకు మించి ఉండదు. కప్పు వేసే రోజు ఒక్క ఇంటివాళ్ల పనిగా ఉండేది కాదు, చుట్టుపక్కల గుడిసెల వాళ్లంతా వచ్చేవాళ్లు. వాళ్లకు వండిపెడితే చాలు.

దసరాకు ముందే, అంటే వానలు పడకముందే, గోడల పగుళ్లు మట్టితో మూసి అలకడం ఆడవాళ్ల పని. ఎలుక బొక్కలు, చెదల దారులు పట్టుకునేది కూడా అప్పుడే. వానలు వెళ్లాక ఎంత గోడ తరిగిందో చూసుకుని, సంక్రాంతికి మళ్లీ మెత్తి, అలికి, సున్నం కొట్టేవాళ్లు. పండగ ముస్తాబు అని మనం అనుకునేది నిజానికి వానాకాలం చేసిన గాయానికి కట్టు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. గుడిసె బతుకు సుఖంగా ఉండేదని మేం అనడం లేదు. ఒక్క నిప్పురవ్వ పడితే వరస మొత్తం కాలిపోయేది. పెద్ద తుపాను వస్తే కప్పు లేచిపోయేది. లోపల పొగ, చీకటి. పాములు, తేళ్లు వచ్చేవి. బాలింతలు ఆ తడినేల మీదే పడుకున్నారు. గట్టి ఇల్లు మన హక్కు. అయితే గట్టి ఇల్లు కట్టుకునేటప్పుడు పాత గుడిసెకు తెలిసిన సంగతులు కూడా మనకు తెలిసి ఉండాలి.

గోడ కింద నేల

ఇంత తెలిసిన జనం ఇళ్లు ఎందుకు అంత బీదగా ఉండిపోయాయి? ఇది అసలు చరిత్ర ప్రశ్న. దీనికి జవాబు గోడలో లేదు, గోడ కింద నేలలో ఉంది.

శ్రీహరికోట తీసుకోండి. ఒక పక్క పులికాట్, ఇంకో పక్క సముద్రం, మధ్యలో అడవి. ఆ ద్వీపం 1835లో ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడి యానాదులు తేనె, మందు దినుసులు, అడవి సరుకు తెచ్చి ఇస్తే బదులుగా ధాన్యం ఇచ్చేవాళ్లు. అడవి మీద పెత్తనం సర్కారుది అయింది. అంటే గుడిసెకు వాసం కొట్టాలన్నా, ఆకు కొట్టాలన్నా ఒకరి అనుమతి కావాల్సిన రోజులు మొదలయ్యాయి.

1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 నాటి కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మనవాళ్లలో ఎందరినో ఆ ముద్ర కిందికి తెచ్చారు. ఎక్కడ పడుకోవాలో, ఎక్కడికి కదలాలో ఇంకొకరు చెప్పే బతుకు అది. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ఆ ముద్ర తీసేయించడానికి దశాబ్దాలు పనిచేశారు. 1962లో మన గురించి ఒక పుస్తకమే రాశారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. దేశం మొత్తం మీద ఆ చట్టం రద్దయింది 1952లో.

ఇక ఊళ్లలో ఉన్నవాళ్ల సంగతి. పొలం కాపలాకు ఆసామి చూపించిన చోట గుడిసె. తోట కాపలాకు తోట మూల గుడిసె. చేపల చెరువుకు గట్టు మీద గుడిసె. ఆసామికి కోపం వస్తే ఆ రాత్రికి రాత్రే ఖాళీ. అప్పు తీరేదాకా వెట్టి. ఆ వెట్టిని రద్దు చేసే చట్టం 1976లో గానీ రాలేదు. రేపు ఉంటామో లేదో తెలియని చోట ఎవరు నానబెట్టిన మట్టితో గోడ పెడతారు? ఎవరు అరుగు ఎత్తు చేస్తారు? నాలుగు కంపలు పాతి, పాత గోనెపట్టా కప్పుకుంటారు. గుడిసె మొరటుగా ఉండటానికి చేతకానితనం కారణం కాదు. పట్టా లేకపోవడం కారణం. గోడను కాపాడుకోవాలంటే ముందు గోడ కింది నేల మనది కావాలి.

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. ఆ కేంద్రం కోసం ద్వీపంలోని యానాది కుటుంబాలను ఖాళీ చేయించారు. దేశం గర్వపడే ప్రతి ప్రయోగాన్నీ మనమూ చూస్తాం, చప్పట్లు కొడతాం. అయితే ఆ దిబ్బల మీద మన గుడిసెలు ఉండేవన్న మాట కూడా మన పిల్లలకు తెలియాలి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. రికార్డుల్లో జిల్లా పేరు మారింది గానీ, ఆ నేల మీద మన జ్ఞాపకం మారలేదు.

అట్లా దిబ్బల మీద నుంచి, అడవిలో నుంచి కదిలిన మనవాళ్లలో చాలామంది కాలవ గట్లకు, చెరువు కట్టల కిందికి, పోరంబోకు పల్లాలకు చేరారు. మంచి మిట్ట అంతా అప్పటికే ఒకరి పేరున ఉంది. మనకు మిగిలింది నీళ్లు నిలిచే చోటు. 1990ల్లో తీరం వెంట రొయ్యల గుంటలు వచ్చాయి. గుంటల్లో నిలిచిన ఉప్పునీళ్లు పక్క నేలలోకి ఊరాయి. బావులు ఉప్పెక్కాయి. గోడలు కూడా ఉప్పెక్కాయి. తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న పెద్ద తీర్పు ఇచ్చింది. ఊరిన ఉప్పు మాత్రం తీర్పుతో తిరిగిపోదు.

మట్టి మీద సిమెంటు

ఇందిరా ఆవాస్ యోజన 1985లో మొదలైంది. మొదట్లో అది ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు, వెట్టి నుంచి బయటపడ్డవాళ్లకు ఉద్దేశించిన పథకం. ఆ తర్వాత వచ్చిన పథకాల్లోనూ, తుపాన్ల తర్వాత కట్టిన కాలనీల్లోనూ మనకు ఇళ్లు వచ్చాయి. మంచిదే. వాటి కోసం తిరిగిన పెద్దలకు దండం పెట్టాలి.

కానీ చాలాచోట్ల ఇల్లు వచ్చింది గానీ ఎత్తు రాలేదు. పల్లంలో స్థలం ఇచ్చారు, మెరక తోలలేదు. రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరిగింది, మన వాకిలి పల్లమైంది. కిటికీలకు సజ్జ లేదు, చూరు లేదు. గోడ నిలువునా వానలో నిలబడింది. పునాది మీద తడిని ఆపే కాంక్రీటు పొర వేయకపోతే ఇటుక గోడ కూడా మట్టి గోడలాగే ఉప్పునీటిని లాగుతుంది. దగ్గర్లో దొరుకుతుందని సముద్రపు ఇసుక వాడినచోట, అందులోని ఉప్పు శ్లాబులో ఉన్న ఇనుముకు తుప్పు పట్టించింది. తుప్పు ఉబ్బి పెచ్చులు ఊడాయి.

ఇంకో పొరపాటు మనమే చేశాం. ఇంకా మట్టి గోడల ఇళ్లు ఉన్నవాళ్లు నాలుగు డబ్బులు రాగానే, గోడ గట్టిపడుతుందని బయట సిమెంటు పూత పూయించారు. మాలో ఒకరి ఇంట్లో జరిగింది చెబుతాం. రెండేళ్లు గోడ నున్నగా, అందంగా ఉంది. మూడో ఏడు వానలకు సన్నటి పగుళ్లు వచ్చాయి. ఆ పగుళ్లలోంచి నీళ్లు లోపలికి దిగాయి. సిమెంటు ఆ తడిని ఆవిరిగా బయటికి పోనివ్వలేదు. లోపల మట్టి బురదైంది. ఒక తెల్లవారుజామున కిటికీ కింద గోడ కూర్చుండిపోయింది. సిమెంటు పెంకు మాత్రం పలకలా నిలబడి ఉంది. అదృష్టం కొద్దీ ఆ పక్క ఎవరూ పడుకోలేదు. మేస్త్రీని తప్పుపట్టలేం, మనం అడిగిందే ఆయన చేశాడు. ఆ ఇంటి అవ్వ మాత్రం, ఏడాదికి రెండుసార్లు అలుకుతూ వచ్చిన గోడ నలభై ఏళ్లు నిలిచిందే అని బాధపడింది.

వేరే దేశాల మట్టి గోడలు

ఇది మనకొక్కరికే జరిగిన పొరపాటు కాదు. ఇంగ్లండులో నైరుతి మూల డెవన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ మట్టి, గడ్డి కలిపి తొక్కి కట్టిన ఇళ్లు వందల ఏళ్ల నుంచి ఉన్నాయి. మట్టి గోడకు తలకు మంచి టోపీ, కాళ్లకు మంచి బూట్లు ఉంటే చాలని అక్కడివాళ్లు అంటారు. టోపీ అంటే ముందుకు వచ్చిన గడ్డి కప్పు, బూట్లు అంటే రాతి పునాది. ఇరవయ్యో శతాబ్దంలో వాళ్లు కూడా ఆ గోడలకు సిమెంటు పూశారు. లోపల తడి చిక్కి కొన్ని గోడలు కూలాయి. ఇప్పుడు సిమెంటు గీకేసి మళ్లీ సున్నం పూస్తున్నారు. ఆ ఇళ్లను అక్కడ ఎవరూ మొరటు అనరు. ఎక్కువ ధర పెట్టి కొంటారు.

ఆఫ్రికాలో మాలి దేశంలో జెన్నే అనే పట్టణం ఉంది. అక్కడి పెద్ద మసీదు మొత్తం మట్టిదే. ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది. ఏటా వానలకు ముందు ఊరు ఊరంతా కదిలి, నానబెట్టిన మట్టిని తెచ్చి ఆ గోడలకు కొత్త పూత వేస్తారు. అది వాళ్లకు పండగ. కుర్రవాళ్లు గోడల్లో దిగ్గొట్టిన దుంగల మీదికెక్కి పూస్తారు, ఆడపిల్లలు నీళ్లు మోస్తారు. యునెస్కో 1988లో ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన అవ్వలు దసరాకు ముందు అలికిన పనికీ, జెన్నేలో చేసే పనికీ పనితనంలో తేడా లేదు. తేడా ఒక్కటే. వాళ్ల గోడ ఉన్న నేల వాళ్లది.

ఇప్పుడు మనం అడగాల్సినవి

2011 జనాభా లెక్కల నాటికే మనం అయిదు లక్షలకు పైగా ఉన్నాం. మనలో ఇప్పుడు డిగ్రీ చదివినవాళ్లు ఉన్నారు, సచివాలయాల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు, బేల్దారి పని తెలిసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఊళ్లో ఇళ్లు మంజూరైనప్పుడు పెద్దవాళ్లు వేలిముద్ర వేసి వచ్చేస్తారు. పక్కన నిలబడి అడగాల్సింది మనం.

స్థలం చూపించినప్పుడు అక్టోబరు, నవంబరుల్లో అక్కడ నీళ్లు నిలుస్తాయా అని అడగాలి. ఊళ్లో ముసలివాళ్లను తీసుకెళ్లి, 2015 వరదకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపించమనాలి. బేస్‌మట్టం ఆ గుర్తు కన్నా ఎత్తులో ఉండాలి. గోడ మొదలయ్యే చోట తడిని ఆపే పొర వేస్తున్నారో లేదో నిలబడి చూడాలి. సముద్రపు ఇసుక వద్దనాలి. కిటికీలకు సజ్జ, వాకిలికి వసారా అడగాలి. బిల్లు చాలకపోతే తర్వాత రేకుతోనైనా తాటాకుతోనైనా ఒక పంచ దించుకోవాలి. గోడ మీద వాన పడకుండా ఆపే రెండడుగుల చూరు, లోపల పూసే రంగు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

మట్టి గోడల ఇల్లు ఇంకా ఉన్నవాళ్లు దానికి బయట సిమెంటు పూయకండి. మట్టి మెత్తి, ఆరనిచ్చి, సున్నం కొట్టండి. చూరు నీళ్లు గోడకు దూరంగా పోయేట్టు కాలవ తీయండి. గోడను ఆనించి కట్టెలు, పేడకుప్ప, ఇసుక కుప్ప పెట్టకండి. వాటి చాటున తడి ఆరదు, చెదలు ఎక్కుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, పట్టా. గట్టు మీద, పోరంబోకులో ఉన్న ప్రతి కుటుంబం పేరు, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నదీ, ఆధార్, కుల ధ్రువపత్రం ఉన్నాయా లేవా అన్నది మన యువకులు ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం పట్టుకుని సంఘం తరఫున ఐటీడీఏకూ, తహసీల్దారు ఆఫీసుకూ వెళదాం. రాసి ఉన్న జాబితాను కాదనడం నోటిమాటను కాదన్నంత సులువు కాదు.

చివరగా ఇంకో పని. మీ ఇంట్లో అవ్వ, తాత ఉంటే వాళ్లను కూర్చోబెట్టి గుడిసె ఎట్లా కట్టేవాళ్లో అడగండి. ఏ నెలలో ఆకు కొట్టేవాళ్లు, ఏ చెరువు మన్ను వాడేవాళ్లు, ఎన్ని రోజులు నానబెట్టేవాళ్లు, వాసానికీ నిట్రాడుకూ వేసే కట్టును ఏమనేవాళ్లు, అన్నీ ఫోనులో రికార్డు చేయండి. ఆ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లతోనే పోతాయి. వచ్చే సంచికకు అవి పంపండి. మీ ఊరి పేరుతో, చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరుతో వేస్తాం.

పుస్తకం రాసినవాళ్లు మన ఇంటి ముందు నిలబడి, వంగి లోపలికి పోవడం ఇష్టం లేక, బయట నుంచి చూసి రాశారు. మనం లోపల పుట్టినవాళ్లం. ఆ చూరు ఎందుకు అంత కిందికి ఉందో మనకు తెలుసు. మన ఇంటి చరిత్ర ఇకనైనా మనం రాసుకుందాం.